నెలలు నిండని కవలలు ఇంటికొస్తున్నారు: పాలు, రాత్రి డ్యూటీలు, మందుల లెక్క

సూర్యారావుపేట_నాన్న | సోమవారం, రాత్రి 11:20

నమస్తే. కవలలు, 34 వారాలకు సిజేరియన్. రేపటికి పదో రోజు, డిశ్చార్జి కూడా రేపే. బాబు 2.2 కిలోలు, పాప 1.8. రొమ్ము ఇంకా గట్టిగా అందుకోవట్లేదు, పిండిన పాలు ఉగ్గుగిన్నెతో రెండు గంటలకోసారి పట్టమన్నారు. ఇంట్లో ఉన్న చేతులు: మా ఆవిడ, అత్తయ్యగారు, నేను, పగలు మాత్రం ఒక ఆయా. ఎవరికి ఎంత పట్టాలి, పాలు ఎక్కడ దాచాలి, రాత్రిళ్ళు ఎవరు లేవాలి, ఈ మూడూ తేల్చండి. "అన్నీ అవే సర్దుకుంటాయి లేవయ్యా" అని ఇప్పటికే చాలామంది చెప్పారు.

కొత్తపేట_సిస్టర్ | సోమవారం, రాత్రి 11:52

ముందు అంకెలు చూద్దాం అన్నా. బరువు తక్కువ పిల్లలకు మొదటిరోజు కిలోకి 60 మి.లీ. దగ్గర మొదలుపెట్టి, రోజూ 15–20 పెంచుకుంటూ వారం దాటేసరికి 150కి తెస్తారు. పదో రోజు కాబట్టి 150 వేసుకోండి. పాపకి 1.8 × 150, అంటే రోజుకి 270 మి.లీ., 12 విడతలకి పంచితే ఒక్కోసారి 22–23. బాబుకి 330, ఒక్కోసారి 27–28. డిశ్చార్జి కాగితం మీద డాక్టరుగారు వేరే అంకె రాస్తే అదే మీ అంకె, నాది కాదు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. బరువు పెరిగిన కొద్దీ ఈ లెక్క మళ్ళీ వేయాలి. డిశ్చార్జినాడు 22 అన్నారని నెలాఖరుకి కూడా 22 దగ్గరే ఆగిపోయే ఇళ్ళు చాలా ఉంటాయి. బరువు ఎందుకు పెరగట్లేదో అర్థంకాక పాలడబ్బా కొనేస్తారు.

ఇక గిన్నె సంగతి. బిడ్డ మెలకువగా ఉండాలి. నిద్రలో పోస్తే గుటక వేయదు, పాలు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. అది పొలమారడంతో పోదు, నిమోనియా దాకా వెళ్తుంది. తలా వీపూ మీ ముంజేతి మీద, తల కాస్త ఎత్తుగా, గడ్డం కింద గుడ్డ. గిన్నెలో అంచుకి కొంచెం తక్కువగా పోసుకుని, మూతిని కింది పెదవి మీద ఓ వారగా ఆనించండి. నాలుగు చుక్కలు జారాక ఆగి గొంతు వంక చూడండి. గుటక పడ్డాకే మళ్ళీ నాలుగు చుక్కలు. త్వరగా అయిపోతుందని ఒంపేస్తే సగం చెంపమీదుగా కారిపోతుంది, మీరేమో 22 పట్టాం అని రాసుకుంటారు. కునుకు తీస్తుంటే అరికాలి మీద వేలితో గీయండి. 20–25 నిమిషాలు పట్టడం మామూలే. అరగంటైనా సగం కూడా తాగకుండా, వరుసగా రెండుసార్లు అలాగే జరిగితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి ఫోన్ చేయండి.

నగిషీ పనున్న వెండి గిన్నె బారసాల ఫొటోకి దాచుకోండి. ఆ గీతల్లో పాలు ఇరుక్కుంటాయి. నున్నటి స్టీలువి నాలుగు కొనండి. కడిగి, మునిగేదాకా నీళ్ళు పోసి 10 నిమిషాలు మరగనివ్వండి.

అరండల్‌పేట_లెక్కలు | మంగళవారం, ఉదయం 6:15

ఒక బిడ్డకి ఒక విడత: గుడ్డ మార్చడం 5 నిమిషాలు, పాలు 25, త్రేన్పు 10. వెరసి 40. పన్నెండు విడతలు, ఇద్దరు పిల్లలు: 960 నిమిషాలు. పదహారు గంటలు! పాలు పిండడం, గిన్నెలు మరగబెట్టడం, గుడ్డలు ఉతకడం ఇందులో లేవు. కాబట్టి ఇది ఒక మనిషి పని కానే కాదు. బాలింత ఒక్కతే చేసుకోగలదని ఎవరైనా అంటే ఈ గుణకారం చూపించండి.

దీనికి మందు ఒకటే, ఇద్దరికీ ఒకే గడియారం. ఒకరు లేస్తే రెండోవాళ్ళనీ లేపి పట్టాలి. పడుకున్న బిడ్డని లేపకూడదు అనే మాట నెలలు నిండిన, బరువున్న ఒంటరి బిడ్డకి. వీళ్ళని వదిలేస్తే బాబు 2కి, పాప 3కి లేస్తారు, మీకు ఏ గంటా మిగలదు.

రాత్రికి నా సలహా: 9 నుంచి 2 దాకా మీరు, 2 నుంచి 7 దాకా అత్తయ్యగారు. బాలింత 9కి పాలు పిండి పడుకుంటుంది, 2కి లేచి ఒక్కసారి పిండి మళ్ళీ పడుకుంటుంది. పది, పన్నెండు విడతలకి పాలు ముందే ఫ్రిజ్‌లో ఉండాలి. విడతకి ఇద్దరికీ కలిపి 50, రెండు విడతలకి 100 మి.లీ. ఒకే సీసాలో పెట్టకండి, 25–30 చొప్పున నాలుగు చిన్న సీసాల్లో పెడితే వెచ్చబెట్టింది మిగిలి పారబోయడం ఉండదు.

పటమట_రాత్రిడ్యూటీ | మంగళవారం, ఉదయం 7:40

రాత్రీ పగలూ మూడు గంటలకోసారి చేస్తే? ఎనిమిది విడతల్లో సర్దేయొచ్చు కదా.

కొత్తపేట_సిస్టర్ | మంగళవారం, ఉదయం 8:05

మీ అంతట మీరు చేయొద్దు. 1.8 కిలోల బిడ్డకి ఒంట్లో నిల్వలు ఉండవు, రక్తంలో చక్కెర తొందరగా పడిపోతుంది. పడిపోయిన బిడ్డ ఏడవదు, ఇంకా నిద్రపోతుంది. "ఎంత బుద్ధిగా పడుకుందో" అనుకుంటారు. రోజుకి 20–30 గ్రాముల చొప్పున వారం పాటు పెరిగితే డాక్టరుగారే ఎడం పెంచుతారు. అప్పుడు ఒక్కో విడతలో పాలూ పెరగాలి, 270ని 12 బదులు 8 పెట్టి భాగించాలి, 34 దాకా వస్తుంది.

మొగల్రాజపురం_పాలసలహా | మంగళవారం, ఉదయం 10:30

పాలు పిండే విషయం నేను చెప్తాను. ఇద్దరికీ కలిపి రోజుకి 600 మి.లీ. కావాలి. 24 గంటల్లో ఎనిమిదిసార్లు పిండితే, విడతకి 75. అందులో ఒకటి అర్ధరాత్రి దాటాక ఉండాల్సిందే. ఆ ఒక్కటీ ఎగ్గొడితే పాలు తగ్గడం నాలుగైదు రోజులకి కనిపిస్తుంది, కారణం అప్పటికి ఎవరికీ గుర్తుండదు. రెండు వైపులా ఒకేసారి లాగే కరెంటు పంపు అద్దెకి దొరికితే 20 నిమిషాల్లో పని అయిపోతుంది. ఒంటి పంపుతో 40. గరాటు చనుమొనకి సరిపోవాలి. నొప్పి పుడుతున్నా, మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి లాక్కుపోతున్నా సైజు తప్పు.

నిల్వ గురించి. పిండిన పాలు 4 గంటలు బయట ఉండొచ్చని అందరూ చెప్తారు. ఆ మాట 25 డిగ్రీల గదికి. రోహిణి కార్తెలో బెజవాడ వంటగదికి కాదు. పిండగానే ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపలివైపు పెట్టండి, 4 రోజులు నిల్వ. సీసా మీద తేదీ, టైము. కొత్తగా పిండిన వెచ్చటి పాలని చల్లటి పాలలో నేరుగా కలపొద్దు, చల్లారాక కలపండి. వేడిచేయడం స్టవ్ మీదా వద్దు, మైక్రోవేవ్‌లోనూ వద్దు, గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో సీసా నిలబెడితే చాలు. బిడ్డ ఎంగిలి చేసిన పాలు రెండు గంటల్లోపు అయిపోవాలి, లేదంటే పారబోయండి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి. మూసి ఉంచితే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది.

గిన్నెతో పట్టే ముందు ఐదు నిమిషాలు రొమ్ము దగ్గర పెట్టండి, చీకినా చీకకపోయినా. అలవాటు పోకూడదు. ఇద్దరూ చీకడం మొదలుపెట్టాక ఒకేసారి ఇవ్వొచ్చు. సిజేరియన్ కుట్టు మీద బరువు పడకూడదు కాబట్టి ఒడిలో కాదు, చంకల కింద. రెండు పక్కలా రెండేసి దిండ్లు, పిల్లల కాళ్ళు తల్లి వీపు వైపు, తలలు అరచేతుల్లో. పాదాల కింద పీట వేస్తే నడుం లాగదు. రెండో బిడ్డని అందించడానికి ఒక మనిషి పక్కన ఉండాలి. ఏ బిడ్డకి ఏ వైపు అని రాసిపెట్టుకోకండి, విడత విడతకీ మార్చండి. గట్టిగా చీకేవాడికే ఒకవైపు అప్పజెప్తే రెండోవైపు పాలు తగ్గిపోతాయి.

ఇంకోమాట, పథ్యం. ఒక బిడ్డకి పాలిచ్చే తల్లికే రోజుకి 500–600 క్యాలరీలు అదనంగా కావాలి. ఇద్దరికి ఇచ్చే మనిషికి వెల్లుల్లి కారం, నెయ్యి వేసిన రెండు ముద్దలు పెట్టి, "నీళ్ళు తాగితే పొట్ట వస్తుంది" అని చెంబు దాచేస్తే పాలు ఎక్కడినుంచి వస్తాయి? పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర, పెరుగు, అన్నీ పెట్టండి. పంపు పక్కన చెంబెడు నీళ్ళు ఉండాలి.

గుణదల_అమ్మమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 3:10

చెంబు దాచే కాలం పోయిందమ్మా, మేమూ మారాం. పొత్తిగుడ్డల లెక్క ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. ఒక్కొక్కళ్ళకి రోజుకి పది పన్నెండు మార్పులు, ఇద్దరికీ 24. ఈ ఎండలకి రెండు గంటల్లో ఆరతాయి, 36 ఉంటే చాలు. కార్తీకం ముందు ముసురు పట్టిందా, 60 ఉన్నా చాలవు. కొనక్కర్లేదు. బాగా ఉతికి నలిగిన మంగళగిరి నేత చీర ఐదున్నర మీటర్లు తీసుకుని మూరకి కాస్త పైన, 55 సెంటీమీటర్ల చదరాలుగా చింపితే ఇరవై వస్తాయి. జరీ అంచు తీసేయాలి, చర్మం గీరుకుంటుంది. గంజి పూర్తిగా పోయేదాకా రెండుసార్లు వేడినీళ్ళలో ఉతకాలి. రాత్రికి మాత్రం డైపరు వేయండి, మనుషులూ బతకాలిగా. చిన్న సైజు డైపర్లు ఒకేసారి పెట్టెలు పెట్టెలు కొనకండి, వీళ్ళు నెల తిరక్కుండా సైజు మారతారు, అదీ ఇద్దరూ ఒకేసారి మారరు.

నీళ్ళు పోశాక సాంబ్రాణి కొద్దిగా చూపించండి. జలుబు చేయదు.

కొత్తపేట_సిస్టర్ | మంగళవారం, సాయంత్రం 5:25

పెద్దమ్మగారూ, గుడ్డల లెక్క బ్రహ్మాండం. సాంబ్రాణి దగ్గర మాత్రం ఒప్పుకోను. 34 వారాలకి పుట్టిన ఊపిరితిత్తులకి పొగ ఏ పొగైనా పొగే. సాంబ్రాణి, దోమల చుట్ట, అగరొత్తి, నాన్నగారి సిగరెట్ వాసన పట్టిన చొక్కా, ఏదీ ఆ గదిలోకి రాకూడదు. అసలు నీళ్ళే ఇప్పుడు వద్దు. బొడ్డుముక్క ఊడి, రెండున్నర కిలోలు దాటేదాకా గోరువెచ్చటి తడిగుడ్డతో తుడిస్తే చాలు. కాళ్ళ మీద వేసుకుని నలుగు పెట్టి రుద్దితే ఆ చర్మం లేచొస్తుంది. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు, కళ్ళకి కాటుక, నాలిక మీద తేనె, వస, ఆముదం, ఏవీ వద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లో చేరి నిమోనియా తెస్తుంది. తేనె ఏడాది నిండేదాకా ముట్టించకూడదు.

గుణదల_అమ్మమ్మ | మంగళవారం, సాయంత్రం 6:02

సరే తల్లీ, పొగ మానేస్తాం. వస పోయకపోయినా మాటలు వస్తాయిలే, వీళ్ళ నాన్నని చూస్తే తెలుస్తూనే ఉంది. మొలతాడు మాత్రం కడతాం. ఒకరికి ఎరుపు, ఒకరికి నలుపు.

లక్ష్మీపురం_పెదనాన్న | మంగళవారం, రాత్రి 8:15

బాబూ పాపా అయితే గుడ్డ విప్పగానే తెలిసిపోతుంది. ఇద్దరూ మగపిల్లలై అచ్చుగుద్దినట్టు ఉంటే? ఆసుపత్రి పట్టీ తీశాక ఎవరెవరో ఎలా?

కొత్తపేట_సిస్టర్ | మంగళవారం, రాత్రి 8:40

పట్టీ తీసే ముందే ఒకరి కాలి బొటనవేలి గోరుకి రంగు వేయండి. చేతికి వద్దు, నోట్లో పెట్టుకుంటారు. వారానికోసారి మళ్ళీ వేయాలి. మొలతాడు కట్టేటట్టయితే రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి, వారం వారం విప్పి సరిచేయాలి. మెడలో, మణికట్టుకి దారాలు వద్దు. అయినా బాబూ పాపా ఉన్న ఇంట్లో కూడా గుర్తు కావాలి. తెల్లవారుజాము మూడింటికి విటమిన్ చుక్కలు ఒకరికే రెండుసార్లు పడటం కవలల ఇళ్ళలో మామూలు.

అరండల్‌పేట_లెక్కలు | మంగళవారం, రాత్రి 9:05

అందుకే నోటుబుక్కు. ఎడమ పేజీ బాబుది, కుడి పేజీ పాపది. గడులు: టైము, ఎన్ని మి.లీ., ఒంటికి, రెంటికి, మందు, పట్టినవాళ్ళ పేరులో మొదటి అక్షరం. పెన్నుకి దారం కట్టి బుక్కుకే వేలాడదీయండి. వాట్సాప్ గ్రూపులో రాసుకుంటే పాత సంగతి వెతికేసరికి తెల్లారుతుంది. రోజుకి ఒక్కొక్కరికి ఆరుకి తక్కువ కాకుండా తడిగుడ్డలు ఉన్నాయా అన్నది సాయంత్రం పేజీ చూస్తే చాలు.

బ్రాడీపేట_మందులషాపు | బుధవారం, ఉదయం 11:00

మందుల దగ్గర మూడు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, విటమిన్ డి. చీటీ మీద రోజుకి 400 యూనిట్లు అని ఉంటుంది. బజార్లో 1 మి.లీ.లో 400 ఉన్న సీసా ఉంది, 800 ఉన్నదీ ఉంది. మొదటిదైతే 1 మి.లీ., రెండోదైతే అర మి.లీ. నెల తిరిగాక కొత్త సీసా కొన్నప్పుడు కంపెనీ మారిందా, మళ్ళీ చదవండి. రెండు, ఐరన్ చుక్కలు. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుగారు చెప్తారు, మోతాదు కిలోల లెక్కన ఉంటుంది. అంటే బాబుదీ పాపదీ ఒకటే కాదు. పేర్లు రాసిన రెండు సిరంజీలు వేరుగా పెట్టుకోండి. రెండు చెంచాల పాలలో కలిపి ముందు పట్టేయండి, విడత పాలన్నిట్లో కలిపితే మిగిలిన పాలతో మందూ పోతుంది. విరేచనం నల్లబడితే కంగారొద్దు, ఐరన్ వల్లే. మూడు, పారాసిటమాల్. చుక్కల సీసాలో మి.లీ.కి 100 మి.గ్రా., మామూలు సిరప్‌లో 5 మి.లీ.కి 125. అంటే చుక్కలది నాలుగింతలు ఘాటు. రెండు నెలల్లోపు బిడ్డకి డాక్టరు చీటీ లేకుండా అడగొద్దు, నేనివ్వను. గ్రైప్ వాటర్ కూడా వద్దు. ఆ రెండు చెంచాల జాగా పాలకే ఉండనివ్వండి.

డబ్బాపాలు రాసిచ్చారనుకోండి, మరిగించిన నీళ్ళు ముందు కొలిచి, తర్వాత పొడి. చాలా డబ్బాలకి 30 మి.లీ.కి ఒక చెంచా, గీటు కొట్టి సమంగా. మీ డబ్బా మీద ఏముందో అదే. నీళ్ళు కాచి అరగంటలోపే, ఇంకా బాగా వేడిగా ఉన్నప్పుడే పొడి కలపాలి, పొడిలో ఉండే క్రిములు పోవడానికి. తర్వాత చల్లార్చి పట్టాలి. పొదుపుకని పలచన చేస్తే బరువు పెరగకపోవడమే కాదు, రక్తంలో ఉప్పు శాతం పడిపోయి ఫిట్స్ వస్తాయి.

సూర్యారావుపేట_నాన్న | బుధవారం, రాత్రి 10:45

బుక్కు మొదలైంది, గిన్నెలు నాలుగు వచ్చాయి. ఏసీ వేయాలా వద్దా? అత్తయ్యగారు వద్దంటున్నారు, గది 36 చూపిస్తోంది. ఇద్దరినీ ఒకే ఉయ్యాల్లో వేయొచ్చా?

కొత్తపేట_సిస్టర్ | బుధవారం, రాత్రి 11:10

వేయండి, 26–28 మధ్య. గాలి రెక్కలు పైకి తిప్పండి, పిల్లల మీద పడకూడదు. బిడ్డకి ఎలా ఉందో మీటరుని అడక్కండి, పొట్టా పాదం ముట్టుకోండి. రెండూ వెచ్చగా ఉంటే బాగుంది. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే చలి మొదలైంది, గుడ్డ ఇంకోటి వేయండి లేదా గుండెకి హత్తుకోండి. రెండూ చల్లగా ఉంటే ప్రమాదం. ఒళ్ళు ఎర్రబడి చెమట పడితే గుడ్డలు తగ్గించండి. థర్మామీటరు చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి.

హత్తుకోవడం అంటే కంగారూ పద్ధతి. డైపరు, టోపీ, సాక్సులు తప్ప బట్టలు లేకుండా బిడ్డ మీ రొమ్ము మీద నిలువుగా, తల ఓ పక్కకి తిరిగి, గడ్డం ఛాతీకి ఆనుకోకుండా. పైన పంచె చుట్టి కట్టుకోండి. రోజుకి ఎనిమిది గంటలకి తగ్గకుండా, ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఒకరు తల్లి దగ్గర, ఒకరు మీ దగ్గర, పూటపూటకీ మార్చుకోండి. కవలలకి నాన్న ఛాతీ ఉన్నది ఇందుకే.

ఉయ్యాల ఒకటి కాదు, రెండు పడకలు. చీర ఉయ్యాల్లో మెడ ముందుకి వంగిపోతుంది, ఇంత చిన్న పిల్లలకి ఊపిరి అందదు. గట్టి పరుపు మీద వెల్లకిలా, దిండు లేకుండా, ఎవరి గొడుగు దోమతెర వాళ్ళకి.

కృష్ణలంక_ఆశా | గురువారం, ఉదయం 9:30

మీ ఏరియా ఆశాకి చెప్పారా? ఆసుపత్రి కాన్పులకి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. త్రాసు, థర్మామీటరు మా సంచిలోనే ఉంటాయి. పిల్లలిద్దరికీ రెండు కార్డులు అడిగి తీసుకోండి, ఒకే కార్డులో ఇద్దరినీ రాస్తే టీకాల దగ్గర గొడవ. జనన నమోదు 21 రోజుల్లోపు ఉచితం. సర్టిఫికెట్లు రెండు, పుట్టిన టైము రెండింటిలో సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పేరు ఏడాదిలోపు చేర్చుకోవచ్చు.

టీకాలు నెలలు తక్కువ పుట్టారని ఆలస్యం చేయకూడదు, పుట్టిన తేదీ నుంచి 6, 10, 14 వారాలకే. మెడ నిలబడటం, బోర్లాపడటం మాత్రం ఆరు వారాలు తీసేసి లెక్కపెట్టండి. పక్కింటి పిల్లాడితో పోల్చి దిగులుపడకుండా ఉంటారు.

అన్నిటికంటే ముఖ్యం కళ్ళ పరీక్ష. 34 వారాల్లోపు పుట్టినా, పుట్టినప్పుడు రెండు కిలోల్లోపు ఉన్నా, 30 రోజులు నిండకముందే రెటీనా చూపించాలి. పాపకి తప్పనిసరి. బాబుకి ఆక్సిజన్ పెట్టారా అన్నది డిశ్చార్జి కాగితంలో చూసి డాక్టరుగారిని అడగండి. బయటికి కళ్ళు చక్కగా కనిపిస్తాయి, ఆలస్యమైతే చూపే పోతుంది.

కొత్తపేట_సిస్టర్ | గురువారం, మధ్యాహ్నం 1:15

ఇది బుక్కు అట్ట మీద రాసుకోండి: పాలు తాగడం మానేసినా, లేపినా లేవకపోయినా, డొక్కలెగరేస్తున్నా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినా, ఆకుపచ్చగా వాంతి అయినా, 38 డిగ్రీలు తాకినా, వెచ్చబెట్టినా 36.5కి రాకపోయినా 108కి ఫోన్ చేయండి. పచ్చకామెర్లని కిటికీ ఎండలో పడుకోబెట్టి తగ్గిద్దామని చూడకండి. ఒకరికి జబ్బు చేస్తే రెండోవాళ్ళనీ వెంట తీసుకెళ్ళి చూపించండి.

సూర్యారావుపేట_నాన్న | మొదటి పోస్టుకి పద్దెనిమిది రోజుల తర్వాత, రాత్రి 9:50

ఎల్లుండి పాపకి కళ్ళ పరీక్ష, బాబుకీ చేస్తామన్నారు. ఇప్పుడు పాప 2.2, బాబు 2.65. ఇద్దరినీ ఆటోలో ఎలా తీసుకెళ్ళాలి, ఏమేం పెట్టుకోవాలి?

కృష్ణలంక_ఆశా | రాత్రి 10:20

ఆటో వద్దు, తలుపులున్న బండి మాట్లాడుకోండి. బిడ్డకొక మనిషి, సంచికొక మనిషి, మొత్తం ముగ్గురు. కంటి చుక్కలు వేశాక కంటిపాప పెద్దదయ్యేదాకా గంటకి పైగా కూర్చోబెడతారు, కాబట్టి రెండు విడతల పాలు ఐసుప్యాకుతో డబ్బాలో పెట్టుకోండి. గుడ్డలు పదహారు.

కొత్తపేట_సిస్టర్ | రాత్రి 10:34

పరీక్షకి గంట ముందే పాలు పట్టేయండి. నిండు పొట్ట మీద కన్ను తెరిచి చూస్తే కక్కేస్తారు. వెంటనే ఇద్దరికీ ఒకేసారి చుక్కలు వేయించకండి, ఒకరి తర్వాత ఒకరికి అని అక్కడి సిస్టర్‌కి చెప్పండి. ఎవరికి ఎప్పుడు వేశారో బుక్కులో రాసుకోండి. బుక్కు కూడా తీసుకెళ్ళండి.